తిరుగు బండి

బావమరిది బండి తాళంచెవి ఇన్‌ఛార్జి బల్ల మీద ఉంది.

ఆయన గుమ్మంలోంచే చూశాడు. తోలు పట్టీ ఉన్న ఆ తాళంచెవి ఎప్పుడూ బావమరిది నడుముకు వేలాడుతుండేది. అన్నానికి కూర్చున్నా తీసేవాడు కాదు. బండి కంపెనీదైనా తాళం తన సొంతమన్నట్టు తిరిగేవాడు. ఇప్పుడది టీ మరకల బల్ల మీద, కాగితాలు ఎగరకుండా పెట్టిన బరువులా పడి ఉంది.

"మీవాడి సంగతి విన్నారా తంతి గారూ?" అంది ఇన్‌ఛార్జి.

"లేదు."

"కూర్చోండి."

ఆయన కూర్చోలేదు. తంతి ఆఫీసులో మాటకింతని రుసుము కడుతున్నట్టు మాట్లాడతాడని ఆఫీసులో ఆయనకు తంతి అని పేరు పెట్టారు. మొదట్లో చాటుగా అనేవాళ్ళు. ఆయన పట్టించుకోకపోవడంతో ఎదురుగానే అనడం మొదలుపెట్టారు.

రోగుల్ని ఇళ్ళ నుంచి ఆసుపత్రులకు, ఆసుపత్రుల నుంచి తిరిగి ఇళ్ళకు చేర్చే బండ్ల ఆఫీసు అది. గడియారాలు బాగుచేసే ముసలాయన ఒకడు నిన్న డయాలసిస్‌కు వెళ్ళాడు. అది ముగిశాక బయట బెంచీ మీద కూర్చుని బండి కోసం చూశాడు. బండి రాలేదు. నర్సు బావమరిదికి ఫోన్ చేసింది, ఎత్తలేదు. ఆమె డ్యూటీ దిగిపోయింది, ఆ విభాగం తలుపులు వేశారు. పొద్దు వాలాక వాచ్‌మన్ చూసేసరికి ముసలాయన బెంచీ మీద ముడుచుకుని ఉన్నాడు. కళ్ళు తిరిగి లేవలేకపోయాడు. లోపల పడుకోబెట్టి, రక్తపోటు చూసి, కూతురికి కబురు పెట్టారు. ప్రాణానికి ఏమీ కాలేదు.

"ఏమీ కాలేదు కాబట్టి తాళం తీసుకోవడంతో ఆగాం," అంది ఇన్‌ఛార్జి. "నిన్న పొద్దున ముసలాయన్ని వేరే బండి తీసుకెళ్ళింది, నిజమే. తిరుగు ట్రిప్పు మాత్రం మీవాడిదే. తీసుకురాకుండానే ఫోన్‌లో 'పూర్తయింది' అని నొక్కేశాడు. ఇదిగో, కనిపిస్తోంది చూడండి. ఎల్లుండి విచారణ. ఆ కూతురూ వస్తోంది. ఉద్యోగంలోంచి తీసేస్తే గానీ ఊరుకోనంటోంది."

"వాడేమంటాడు?"

"నాకు తెలీదు, నేను నొక్కలేదంటాడు. అందరూ అనేదే."

"వాడు ఫోన్ ఎత్తడు," అన్నాడాయన.

ఆ మాట ఆయన ఆలోచించి అనలేదు. ఎప్పటి నుంచో నాలుక మీదే ఉంది. భార్య పోయిన రోజు ఆయన ఆసుపత్రి వరండాలో గోడకు ఆనుకుని వాడికి ఫోన్ చేస్తూనే ఉన్నాడు. ఫోన్ మోగుతూనే ఉంది. బావమరిది వచ్చేసరికి వాడి అక్క ముఖం మీద దుప్పటి కప్పేశారు. ఆ తర్వాత ఆయన బావమరిది ఇంటి గడప తొక్కలేదు.

"చూశారా, మీరే అంటున్నారు," అంది ఇన్‌ఛార్జి, కాస్త తేలికపడ్డట్టు.

ఆయన తన బల్ల దగ్గరికి నడిచాడు.

*

ఆ బల్ల కిటికీ పక్కన ఉంటుంది. దానికి ముఖాముఖి ఇంకో బల్ల. దాని మీద ఇప్పుడు ప్రింటరు ఉంది. మనిషి పోతే ఆ చోట ప్రింటరు పెడతారు. ఆఫీసుల పద్ధతి అది.

ఒకప్పుడు బండ్లు పంపే పని ఈ రెండు బల్లల మీదే జరిగేది. ఇప్పుడా పని ఏజెంటు చేస్తుంది. అదొక ప్రోగ్రాము. ఆఫీసులో దాన్ని కొత్తాయన అంటారు. రోగుల సందేశాలు చదివి, ఏ బండి ఎక్కడికి వెళ్ళాలో కొత్తాయనే నిర్ణయిస్తాడు. కానీ చేతులు లేవు. ట్రిప్పు రాయడం, ట్రిప్పు రద్దు చేయడం, రెండు ట్రిప్పులు కలపడం, ఇలా ఒక్కో పనికి ఒక్కో టూల్ ఇచ్చారు. ఏ టూల్ ఏం చేస్తుందో, ఎప్పుడు వాడాలో చెప్పే వివరణ దానితోపాటు ఉంటుంది. కొత్తాయన దాన్ని చదివి పని చేస్తాడు. అందులో లేనిది అతనికి తెలియదు.

ఆ వివరణలు రాసే పని ఆయనకు అప్పగించారు. డెస్కు పని తెలిసినవాడు, పైగా ముక్కుసూటిగా రాస్తాడు. ఒక్కో టూల్‌కు రెండే వాక్యాలు రాశాడు. రాయడం ముగిశాక పెన్ను వెనక కొసతో బల్ల మీద టక్ టక్‌మని కొట్టేవాడు.

"ఎందుకు బాబాయ్ అలా కొడతారు?" అని ప్రోగ్రామరు అమ్మాయి ఒకసారి అడిగింది.

"అలవాటు."

ఆ అమ్మాయే, ఇన్‌ఛార్జితో మాట్లాడిన మర్నాడు పొద్దున, కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చుంది.

"బాబాయ్, ఆ 'పూర్తయింది' మీ బావమరిది గారి ఫోన్ నుంచి రాలేదు."

"ఎక్కణ్ణుంచి వచ్చింది మరి?"

"అదే చూద్దామని. మొన్నటి రోజును ఉత్తుత్తి బండ్లతో మళ్ళీ నడిపిస్తాను. కొత్తాయన ఏం చేశాడో, ఎందుకు చేశాడో ఒక్కో మెట్టూ కనిపిస్తుంది. చూస్తారా?"

"వాణ్ణి కాపాడమని ఎవరైనా చెప్పారా?"

"అయ్యో, లేదు బాబాయ్. నేను కట్టిందాంట్లో తెలీని ముడి ఉంటే నాకు నిద్ర పట్టదు."

ఆ జవాబు ఆయనకు నచ్చింది. కళ్ళజోడు పెట్టుకున్నాడు.

తెర మీద ఆ పొద్దుటి సందేశాలు ఒకదాని వెనక ఒకటి కదిలాయి. గడియారాల ముసలాయన ట్రిప్పు బావమరిది బండికి రాసి ఉంది. అదే ఆసుపత్రికి ఇంకో బండి ఇంకో రోగితో వెళుతోంది. అంతలో తుంటి ఎముక విరిగిన ఒకావిడ ఇంటి నుంచి సందేశం వచ్చింది. వెంటనే బండి కావాలి. కొత్తాయన తన ఆలోచన రాసుకున్నాడు: రెండు ట్రిప్పులూ ఒకే దిక్కుకు. 'కలుపు' టూల్ వాడితే ఒక బండి ఖాళీ అవుతుంది. ఆ బండిని ఆవిడకు పంపవచ్చు.

కలిపాడు. బావమరిది బండి ఖాళీ అయింది. ఆవిడకు పంపాడు. తర్వాతి సందేశం తెరిచాడు.

"బాగానే చేశాడు," అన్నాడాయన.

"ఇక్కడ చూడండి. కలపగానే ముసలాయన పాత ట్రిప్పు మొత్తం మూసుకుపోయింది. రావాల్సిన తిరుగు కూడా. దాని మీద 'పూర్తయింది' అని దానంతటదే పడింది. ఎవరూ నొక్కలేదు."

"అది తెలిసిందే. కలిపితే తిరుగు పోతుంది. మళ్ళీ రాయాలి. ఇదేమిటి, రాయలేదేం?"

"ఎవరు?"

"ఈ కొత్తాయన."

"రాయాలని ఎక్కడుంది బాబాయ్?"

ఆ అమ్మాయి వెక్కిరింతగా అనలేదు. నిజంగానే వెతుకుతోంది. వివరణ తెరిచింది. అది ఆయన రాసిందే. 'ఒకే దిక్కుకు వెళ్ళే రెండు ట్రిప్పులను కలుపుతుంది. ఒక బండి ఖాళీ అవుతుంది.' ఆ వాక్యాలు రాసిన రోజు వాటిలో ఒక్క మాట కూడా దండగ లేదని ముచ్చటపడ్డాడు.

"ఇది వేరే చెప్పాలా? ఈ డెస్కులో కూర్చున్న ఎవరికైనా తెలుస్తుంది."

"అతను ఈ డెస్కులో ఎప్పుడూ కూర్చోలేదు కదా బాబాయ్. పక్కన అడగడానికి మనిషీ లేడు. పోనీ, నేను చేర్పిస్తాను, చెప్పండి. మీరు కలిపినప్పుడు తిరుగు ఎలా రాసేవాళ్ళు? ముందు ఏం చూసేవాళ్ళు?"

ఆయన చెప్పడానికి నోరు తెరిచాడు.

కలపడం గుర్తుంది. ఏ బండిలో ఎవరు, ఏ వీధి ముందు, ఏ వీధి వెనక, కళ్ళు మూసుకున్నా చెప్పగలడు. తిరుగు రాయడం గుర్తు లేదు. ఎంత తవ్వినా రాలేదు. కలిపేవాడు, తర్వాతి ఫోన్ ఎత్తేవాడు. తిరుగు బండ్లు మాత్రం వేళకు వెళ్ళేవి. ఎలా వెళ్ళేవి?

చేతిలో పెన్ను ఉంది. ఆయన ప్రమేయం లేకుండానే అది తలకిందులై బల్ల మీద టక్ టక్‌మంది.

ఆయన తలెత్తి ఎదురుగా చూశాడు. ప్రింటరు.

"బాబాయ్?"

"రేపు చెబుతాను," అన్నాడు.

*

బావమరిది వంటింటి గుమ్మంలో పీట మీద కూర్చుని అడుగంటిన గిన్నె తోముతున్నాడు. ఆయన్ని చూసి లేవబోయి, చేతి నిండా నురగ ఉండటంతో ఏం చేయాలో తోచక మళ్ళీ కూర్చున్నాడు.

"రండి అన్నయ్యా," అంది బావమరిది భార్య, ఆయన నిన్న కూడా వచ్చినట్టే. "చూడండి, తాళం లాక్కున్నప్పటి నుంచీ ఇంట్లో గిన్నెలన్నీ అరగదీస్తున్నాడు. ఇంకో రెండ్రోజులు ఇలాగే ఉంటే వాటికి చిల్లులు పడతాయి."

"పడనీ. ఉద్యోగం పోతే గిన్నెలతో పనేముంది," అన్నాడు బావమరిది.

"ఆ మాట అనకు," అంది భార్య.

ఆమె కుర్చీ తుడిచి వేసింది. ఆయన కూర్చున్నాడు. ఇంట్లో నడుముకు తాళం లేకుండా బావమరిదిని చూడటం ఆయనకు ఇదే మొదలు. మనిషి సగమైనట్టున్నాడు.

"ఒరేయ్, ఒకటి అడుగుతా, చెప్పు. మీ అక్క నా ఎదురుగా కూర్చుని ఏం చేసేదిరా?"

బావమరిది గిన్నె కింద పెట్టాడు. ఇది తిట్టా, నిందా, ఇంకేమైనానా అన్నట్టు ఆయన ముఖంలోకి చూశాడు.

"అదేం ప్రశ్న బావా?"

"నేను ట్రిప్పులు కలిపినప్పుడు. చెప్పు."

"మీరు పెన్నుతో టక్ టక్‌మని కొట్టేవాళ్ళు కదా." బావమరిది ముఖంలో నెమ్మదిగా నవ్వు కదిలింది. "కొట్టగానే 'మహారాజు గారు గంట కొట్టారు' అనేది అక్క. మా డ్రైవర్లమంతా నవ్వేవాళ్ళం. మీకు వినపడేది కాదు, మీరు అప్పటికే ఇంకో ఫోన్‌లో ఉండేవాళ్ళు."

"గంట కొడితే?"

"మీరేం కలిపారో ఓరగా చూసుకునేది. ఆ మనిషి తిరుగు వేరే బండికి రాసేది. బండి లేకపోతే మమ్మల్ని పట్టుకునేది. నువ్వు అటు పోతున్నావుగా, ఈ పెద్దాయన్ని దింపెయ్ అని. ఆసుపత్రికి ఫోన్ చేసి, బండి మారింది, ఫలానావాడు వస్తాడని ఆ మనిషికే చెప్పించేది. పడుకోబెట్టి తీసుకెళ్ళాల్సిన వాళ్ళను మీరు కలిపేస్తే విడగొట్టేది కూడా."

"విడగొట్టేదా?"

"చాలాసార్లు. మీతో చెప్పేది కాదు."

"ఎందుకు?"

"చెబితే మీరు వింటారా బావా?" అన్నాడు బావమరిది, గిన్నె మీద నీళ్ళు పోస్తూ. అన్నాక, ఎక్కువైందేమోనని భార్యవైపు చూశాడు. ఆమె టీ కలుపుతూ వెనక్కి తిరగలేదు. భుజాలు మాత్రం కదిలాయి. నవ్వుతోందని ఆయనకు తెలిసింది.

ఆయన టీ అందుకున్నాడు. ఒక గుక్క తాగి కింద పెట్టాడు.

"నర్సు చేస్తే ఎందుకెత్తలేదు?"

"పొద్దున తీసుకెళ్ళిన చోట చేర్చుకోలేదని, తుంటి విరిగినావిణ్ణి అప్పుడు ఇంకో ఆసుపత్రికి మారుస్తున్నా. ప్రతి గుంతకూ మూలుగుతోంది. బండిలో మనిషి ఉంటే నేను ఫోన్ ముట్టుకోను బావా. అక్క పెట్టిన ఒట్టది. డ్రైవర్లందరినీ నిలబెట్టి వేయించింది. మిగతావాళ్ళు మర్చిపోయారు. ఆవిణ్ణి దింపాక చేశాను, అప్పటికి అక్కడెవరూ లేరు."

"ఎవరు చేసినా ఎత్తవా?"

"ఎవరు చేసినా ఎత్తను."

పంపు కింద గిన్నెలో నీళ్ళు నిండి పొర్లుతున్నాయి. బావమరిది పంపు కట్టేయలేదు. ఆయనే చెయ్యి చాచి కట్టేశాడు.

"రేపు ఆఫీసుకు రా," అన్నాడు లేచి. "తొందరగా రా."

"భోంచేసి వెళ్ళండి అన్నయ్యా," అంది ఆమె.

ఆయన మళ్ళీ కూర్చున్నాడు.

*

విచారణ ఇన్‌ఛార్జి గదిలోనే జరిగింది. గడియారాల ముసలాయన కూతురు చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బావమరిది గోడ పక్కన నిలబడ్డాడు. ప్రోగ్రామరు అమ్మాయి తెర పట్టుకుని నడిపించి చూపించింది. కలపడం, పాత ట్రిప్పు మూసుకుపోవడం, ఎవరూ నొక్కకుండానే పడిన 'పూర్తయింది'.

"అయితే తప్పు మిషన్‌ది," అంది ఇన్‌ఛార్జి. ఆమెకు ఆ మాట నచ్చినట్టుంది. మిషన్‌కు ఎదురు మాట్లాడే నోరు లేదు.

"కాదు," అన్నాడాయన.

"మరి?"

"కలిపాక తిరుగు రాయాలని దానికి చెప్పాలి. నేను చెప్పలేదు. చెప్పింది చెప్పినట్టే చేసింది. నా మీద రాసుకోండి."

"తంతి గారూ, మీవాడు కాబట్టి మీరు నెత్తిన వేసుకుంటున్నారని పైవాళ్ళు అంటే నేనేం చెప్పాలి?"

"మొన్న వాడు ఫోన్ ఎత్తడని మీ ముందు అన్నది కూడా నేనే. అప్పుడు నావాడని మీకు గుర్తు రాలేదు."

ఇన్‌ఛార్జి బల్ల మీది కాగితాలు సర్దుకుంది. కూతురు గొంతు సవరించుకుంది.

"ఎవరి మీద రాసుకుంటారో మీ ఇష్టమండీ. ఆ రోజు మా నాన్న చేతులు మంచులా ఉన్నాయి. రేపు మళ్ళీ వెళ్ళాలి. రేపు ఆయన ఇంటికొస్తాడా, రాడా? అది చెప్పండి నాకు."

"వస్తాడు," అన్నాడాయన.

"ఎవరి మాట అది?"

"నాది."

ఆమె ఆయన్ని పైకీ కిందికీ చూసింది. తర్వాత గోడ దగ్గర నిలబడ్డ బావమరిదివైపు తిరిగింది. "మీ గురించి చాలా అన్నాను. మనసులో పెట్టుకోకండి."

"మా నాన్నయితే నేను ఇంకా ఎక్కువ అనేవాణ్ణమ్మా," అన్నాడు బావమరిది.

ఇన్‌ఛార్జి తాళంచెవిని బల్ల మీద ముందుకు తోసింది. తప్పయిందని అనలేదు. ఆ పనికి ఆఫీసుల్లో ఇంకా ఏ టూలూ చేయించలేదు. బావమరిది తాళం తీసుకుని నడుముకు తగిలించుకున్నాడు. పట్టీ బిగిశాక గదిలో అందరికీ వినపడేంత గట్టిగా ఊపిరి వదిలాడు.

*

"ఎక్కడికి, ఇటు రా," అన్నాడాయన. "ఆ ప్రింటరు దించు."

బావమరిది ప్రింటరును నేల మీద పెట్టి ఎదుటి కుర్చీలో కూర్చున్నాడు. కూర్చునే ముందు కుర్చీని చేత్తో తుడిచాడు.

"నేను రాస్తాను, చదువుతాను. నువ్వు ఇవాళే ఈ ఆఫీసుకు వచ్చినవాడివి. నీకేమీ తెలీదు. తెలీనిదల్లా అడుగు."

"నాకు నిజంగానే తెలీదు కదా బావా."

"అందుకే."

ప్రోగ్రామరు అమ్మాయి కిటికీ గట్టు మీద కూర్చుంది. ఆయన ఒక వాక్యం రాసి చదివాడు. బావమరిది అడిగాడు. తిరుగు పోతే ఎవరు రాస్తారు? బండి దొరక్కపోతే? పడుకున్న మనిషయితే? బెంచీ మీద కూర్చున్నవాడికి బండి మారిందని ఎవరు చెబుతారు? ప్రతి ప్రశ్నకూ ఆయనకు ముందు కోపం వచ్చింది. ఇది కూడా చెప్పాలా అనుకున్నాడు. తర్వాత చెప్పాడు. గంటకు రెండు వాక్యాలు రాసే మనిషి ఆ పూటంతా రాస్తూనే ఉన్నాడు. చివరికి కలుపు టూల్ వివరణ ఇలా తయారైంది:

'ఒకే దిక్కుకు, ఇంచుమించు ఒకే వేళకు వెళ్ళే ఇద్దరిని ఒక బండిలోకి కలుపుతుంది. కలిపినప్పుడు రెండో మనిషి పాత ట్రిప్పు మొత్తం మూసుకుపోతుంది, తిరుగు కూడా పోతుంది. ఈ టూల్ కొత్త తిరుగును ఏర్పాటు చేయదు. అందువల్ల కలపడానికి ముందే ఆ మనిషి తిరిగి రావడానికి బండి ఉందో లేదో చూడాలి. లేకపోతే కలపవద్దు. ఉంటే, కలిపిన వెంటనే కొత్త ట్రిప్పు టూల్‌తో తిరుగు రాయాలి. బండి మారిందని ఆ మనిషికీ, ఆసుపత్రికీ తెలియజేయాలి. పడుకోబెట్టి తీసుకెళ్ళే రోగిని ఎవరితోనూ కలపవద్దు. ఏది చేయాలో తేలకపోతే ఆగి, డెస్కులో ఉన్న మనిషిని అడగాలి.'

"పెద్దదైపోయిందేమో," అన్నాడాయన.

"సరిగ్గా సరిపోయింది బాబాయ్. మూసుకుపోయిన ట్రిప్పు మీద 'పూర్తయింది' అని కాకుండా 'కలిపారు' అని పడేలా నేను మారుస్తాను."

ఆ అమ్మాయి మళ్ళీ ఉత్తుత్తి బండ్లు నడిపింది. కొత్తాయన కలపబోయి ఆగాడు. తిరుగు వేళకు ఆ వైపు ఏ బండి ఖాళీగా ఉందో వెతికాడు. దొరికాక కలిపాడు, తిరుగు రాశాడు, ఆసుపత్రికి కబురు పంపాడు. రెండోసారి అన్ని బండ్లనూ పనిలో పెట్టి చూశారు. ఈసారి కలపలేదు. తెర మీద ప్రశ్న పడింది: తిరుగుకు బండి లేదు, ఏం చేయమంటారు?

"అడుగుతున్నాడు బావా," అన్నాడు బావమరిది ఆశ్చర్యంగా. "అచ్చం అక్క మమ్మల్ని అడిగినట్టే."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఇంకా చాలా టూల్స్ ఉన్నాయి. అన్నింటికీ రెండేసి వాక్యాలే ఉన్నాయి. తరువాతిది తెరిచాడు.

"దీంట్లో మీ అక్క ఏం చేసేది?"

*

మర్నాడు మధ్యాహ్నం ఆయన తెర ముందు నుంచి లేవలేదు. గడియారాల ముసలాయన్ని పొద్దున ఒక బండిలో ఇంకొకరితో కలిపి పంపారు. తిరుగు బావమరిది బండికి రాసి ఉంది. కొత్తాయనే రాశాడు. కింద ఇంకో వరుస: రోగికి, ఆసుపత్రికి తెలియజేయడమైనది.

రాసి ఉంటే చాలదు. మనిషి ఎక్కాలి.

డయాలసిస్ ముగిసే వేళ దాటింది. ఆయన ఫోన్ తీసి ఆసుపత్రికి చేయబోయి, మనసు మార్చుకుని బావమరిదికి చేశాడు.

మోగింది. ఎత్తలేదు.

మళ్ళీ చేశాడు. మోగుతూనే ఉంది. ఆయన గోడకు ఆనుకోలేదు, లేచి తిరగలేదు. ఫోన్ చెవికి పెట్టుకుని ఆ మోతను చివరిదాకా విన్నాడు. అది ఆగాక ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టాడు.

"ఎక్కించుకున్నారా బాబాయ్?" అంది ప్రోగ్రామరు అమ్మాయి తలుపు దగ్గర నుంచి. "ఏమన్నారు?"

"ఎత్తలేదు," అన్నాడాయన. "బండిలో మనిషి ఉన్నాడు."